నాలుగున్నర మార్కుల ఆటగాడు

వ్యాయామ ఉపాధ్యాయులుగా కొత్తగా చేరుతున్నవాళ్లు అప్పుడప్పుడూ పుత్తూరులో మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవం చెప్పండి సార్" అంటారు. ఎండలో పిల్లల్ని ఎంతసేపు పరిగెత్తించవచ్చో, వడదెబ్బ తగిలితే ముందు ఏం చేయాలో, తల్లిదండ్రులు కొట్లాటకు వస్తే ఎలా మాట్లాడాలో చెప్పి పంపిస్తాను. అసలు చెప్పాల్సింది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చొని చెప్పాలంటే నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పనిచేశాను. బదిలీలు, సన్మానాలు, ఫైళ్ల సంగతి వదిలేస్తాను. అవి ఎవరికీ పనికిరావు. ఆ ఏళ్లలో చాలా భాగం, ఆ తరువాత ఇంకొన్ని ఏళ్లు, ప్రతి ఆదివారం కార్వేటినగరం ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చాను. జట్టంటే పెద్ద జట్టేమీ కాదు. మరమగ్గం నడిపేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, ఇద్దరు డిగ్రీ కుర్రవాళ్లు. సవుకు కట్టెలతో గోల్ స్తంభాలు, ముగ్గుపిండితో గీతలు. ఆటకు ముందు అందరం వంగి పల్లేరు కాయలు ఏరేవాళ్లం. తమిళనాడు సరిహద్దు దగ్గర కాబట్టి మాకు ఫుట్‌బాల్ పిచ్చి కొంచెం అంటుకుంది. ఆదివారం సాయంత్రం మైదానం చుట్టూ మూడు నాలుగు వందల మంది చేరేవాళ్లు. మా జిల్లాలో క్రికెట్ కాని ఆటకు అంతమంది రావడం మామూలు విషయం కాదు.

చూడడం అనే పని

నాకు ఈ పని నేర్పినాయన సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఏకాంబరం మాస్టారు. సగం తెలుగు, సగం అరవం మాట్లాడేవారు. నేను చేరిన కొత్తలో ఒక మ్యాచ్ అయ్యాక నన్ను పిలిచి, "మునిరత్నం, మన మూడో నంబరు ఆట ఎట్లా ఉండాది?" అని అడిగారు. "బంతి అతని దగ్గరికి రాలేదు కదండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఎందుకు రాలేదో సూసినావా? సుమ్మా, ఊరికే రాకుండా పోయిందనుకున్నావా? వాడు నిలబడినాడు గాబట్టి రాలేదు. బంతిని జనం సూస్తారు. మనం సూడాల్సింది బంతి లేనోణ్ని. దానికే మనకు ఈ పని ఇచ్చినారు."

తొంభై నిమిషాల ఆటలో ఒక్కొక్కరి కాలి దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా వాళ్లు ఎక్కడ నిలబడ్డారు, ఎటు జరిగారు, ఎవరికి దారి మూశారు అన్నదే ఆట. ఇది చూడడం నేర్చుకోవడానికి నాకు అయిదారేళ్లు పట్టింది. నేర్చుకున్నాక, ఇది నాకొక్కడికే తెలుసన్న గర్వం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ గర్వమే కొంప ముంచింది. చూడడం నేర్చుకున్నాను కానీ, చూసింది నోరు తెరిచి చెప్పాలని నేర్చుకోలేదు.

దేవసహాయం

దేవసహాయం నా దగ్గర ఆరో తరగతి నుంచి ఆడాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. పెద్దయ్యాక శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. పుత్తూరు దాకా వచ్చి కంపెనీ బస్సు ఎక్కాలి. వారమంతా నిలబడి చేసే పని. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజూ వచ్చి మాకు సెంటర్ బ్యాక్‌గా, గోల్‌కు ముందు నడిమధ్యలో అడ్డు నిలబడే ఆటగాడిగా ఆడేవాడు.

అతని ఆట ఎలా ఉండేదంటే, ఏమీ జరగనట్టు ఉండేది. పరుగులు పెద్దగా ఉండవు. ఎగిరి పడడం, దొర్లడం ఉండవు. ఎదుటి జట్టు ఫార్వర్డ్ బంతి తీసుకొని తల ఎత్తేసరికి, పోవాలనుకున్న చోట ఇతను నిలబడి ఉండేవాడు. ఆ ఫార్వర్డ్ ఇంకో వైపు తిరిగేవాడు. అంతే. బంతి కోసం నేలమీద పడాల్సి వచ్చిందంటే అంతకు ముందే తప్పు జరిగినట్టు అని నేను చెప్పేవాణ్ని. అది నిజంగా అర్థం చేసుకున్నవాడు ఇన్నేళ్లలో అతనొక్కడే. ఆరేళ్లు మా జట్టు తక్కువ గోల్స్ తిన్నదంటే సగం కారణం అతను.

ఈ మాట నేను అతనితో ఒక్కసారి కూడా అనలేదు. మంచి ఆటగాణ్ని పొగిడితే చెడిపోతాడని మా కాలంలో ఒక నమ్మకం ఉండేది. తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.

లోకనాథం పట్టిక

బస్టాండు దగ్గర జెరాక్స్ అంగడి పెట్టుకున్న లోకనాథం మా జట్టుకు అందరికన్నా పెద్ద అభిమాని. వానొచ్చినా గొడుగు పట్టుకొని నిలబడేవాడు. మేము సరిహద్దు అవతలికి ఆడడానికి పోతే అంగడి మూసి వచ్చేవాడు. మనిషి మంచివాడు. ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు, అదే నాకు తట్టుకోలేని బాధ.

అంతకు ముందు కూడా జనం ఆట గురించి మాట్లాడుకునేవాళ్లు. మైదానం గోడమీద కూర్చొని "వాడు తుస్సు, వీడు పులి" అనుకొని ఇళ్లకు పోయేవాళ్లు. తెల్లారేసరికి మరిచిపోయేవాళ్లు. ఫోన్లు వచ్చాక లోకనాథం ఒక గ్రూపు పెట్టాడు. మ్యాచ్ అయిన వెంటనే ఆటగాళ్ల పేర్లు వరసగా పెడతాడు. ఒక్కొక్కరికి పదికి ఎన్ని మార్కులో అందరూ వేస్తారు. రాత్రికి సగటు కట్టి, సోమవారం పొద్దున దాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి అంగడి అద్దానికి అంటిస్తాడు. బస్సు కోసం నిలబడ్డ వాళ్లందరూ చదువుతారు.

మొదట్లో నాకు భలే నచ్చింది. కుర్రాళ్లు పోటీపడి ప్రాక్టీసుకు వచ్చేవాళ్లు. మా ఫార్వర్డ్ వేలు అనేవాడికి ఎప్పుడూ ఎనిమిదికి తగ్గేది కాదు. గోల్ వేస్తే ఎనిమిదిన్నర. గోల్ కాసే మా గోలీ ఒక పెనాల్టీ ఆపితే తొమ్మిది దగ్గరికి పోయేవాడు.

దేవసహాయానికి నాలుగున్నర. ఒక వారం నాలుగు, ఒక వారం అయిదు. ఎక్కువసార్లు నాలుగున్నరే. కింద జనం రాసిన మాటలు కూడా ఉండేవి. "ఈయన ఆడతా ఉండాడా, ఆట సూస్తా ఉండాడా?" "కుర్చీ ఏసి కూర్చోబెట్టండప్పా."

ఒకరోజు లోకనాథం అంగడికి పోయి అడిగాను. "ఏం లోకనాథం, దేవసహాయానికి మరీ అంత తక్కువ వేస్తున్నారేం?"

"ఏం సేసినాడు సార్ ఆయప్ప? నిన్న ఆటంతా ఒక్క బంతి లాక్కున్నాడా? మీరే చెప్పండి."

"లాక్కునే పని రాకుండా చేశాడు కదయ్యా."

లోకనాథం కాగితాలు సర్దుతూ ఆగిపోయాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. "మేము కండ్లతో సూసిందానికి మార్కులేస్తాం సార్. సూడందానికి ఎట్లా ఏసేది? మాకు తెలీదు గదా. మీరు చెప్తే గదా తెలిసేది."

సరైన మాట. ఆ రోజు నేను అక్కడ ఒక అరగంట నిలబడి ఉంటే, వచ్చే ఆదివారం అతన్ని నా పక్కన కూర్చోబెట్టుకొని "బంతిని వదిలెయ్, దేవసహాయాన్ని చూడు" అని ఉంటే, ఆ మనిషి ఊరందరికీ చెప్పి ఉండేవాడు. నేను అది చేయలేదు. ఎందుకు చేయలేదో కూడా రాయాలి. పట్టికలో చివరి వరస శిక్షకుడిది. నాకు ఎప్పుడూ ఎనిమిదికి తగ్గేది కాదు. సోమవారం పొద్దున ఆ బస్టాండులో దిగగానే నా కళ్లు ముందు ఆ చివరి వరస మీదికే పోయేవి. నాకు ఎనిమిది వేసినవాళ్లతో, మీకు చూడడం రాదని వాదన పెట్టుకోవడానికి మనసు రాలేదు. "సరేలే" అని బస్సెక్కాను.

నాయుడు గారి మాట

జట్టుకు అధ్యక్షుడు గోవిందస్వామి నాయుడు. మామిడి మండీ నడిపేవాడు. మాకు బూట్లు, బంతులు, వ్యాను అన్నీ ఆయన చూసుకునేవాడు. ఆట గురించి ఏమీ తెలియదు, తెలుసునని అనుకునేవాడు కూడా కాదు. అందువల్ల చాలా ఏళ్లు మా మధ్య తగవు రాలేదు. తెలిసీ తెలియని అధ్యక్షులకంటే అలాంటివాళ్లే మేలు. కానీ పదికి నాలుగున్నర అంటే ఎవరికైనా అర్థమవుతుంది. అంకె చేతికొచ్చాక ఆయనకూ అభిప్రాయం వచ్చింది.

ఒక శనివారం మండీకి పిలిపించాడు. "సారూ, ఆ సహాయాన్ని ఎందుకింగా పెట్టుకోనుండారు? ఊరంతా వొద్దంటా ఉండాది. నేనెవుర్ని పెట్టమనీ చెప్పను. జనం మాట వినండి అంటా ఉండా."

"జనానికి తెలియదు నాయుడన్నా. అతను లేకపోతే మన వెనక భాగం కూలిపోతుంది."

"మీకొక్కరికే తెలిసి, మూడు నూర్ల మందికి తెలీదంటారా?"

అవును అనాలి. నా పని అదే. దానికే నన్ను అక్కడ ఉంచారు. కానీ ఆ ప్రశ్న వినగానే నాకే అనుమానం వచ్చింది. ఇన్నేళ్లుగా చూస్తున్నానని అనుకుంటున్నది నిజంగా ఉందా, నా భ్రమా? "రెండు మ్యాచ్‌లు చూద్దాం అన్నా" అని చెప్పి వచ్చేశాను.

తరువాత ఎన్నిసార్లో ఆలోచించాను. ఆ రోజు వాదించి, ఓడిపోయి, అతన్ని జట్టులో నుంచి తీసేసి ఉన్నా బాగుండేది. అతనికి కాలైనా మిగిలేది.

ఆ ఒక్క మాట

ఆ మరుసటి రోజు ప్రాక్టీసు అయ్యాక అందరూ పోయినా దేవసహాయం పోలేదు. బూట్ల మట్టి గీకుతూ కూర్చున్నాడు. తనంతట తానుగా ఏదైనా మాట్లాడడం అరుదు.

"సార్, ఒకటి అడగాల."

"చెప్పప్పా."

"మా స్టెల్లాను బడిలో పేరుతో పిలవడం లేదంట సార్."

స్టెల్లా అతని కూతురు. అప్పుడు ఎనిమిదో తరగతి. ప్రతి ఆదివారం తల్లితోపాటు వచ్చి గోల్ వెనక వైపు కూర్చొనేది.

"మరి ఎట్లా పిలుస్తున్నారు?"

"నాలుగున్నర అంట. 'నాలుగున్నర బిడ్డా, ఈడికి రా' అంటారంట. లెక్కల్లో నాలుగున్నర వొస్తే కిలాసంతా నగతారంట. బిడ్డ నాతో చెప్పలేదు సార్. వాళ్లమ్మతో చెప్పి ఏడ్సినాది." చేతిలో బూటు కింద పెట్టాడు. "నేను నిజంగా అంత చెడ్డగా ఆడతా ఉండానా సార్? ఉంటే చెప్పండి. మానేస్తాను. బిడ్డకన్నా ఆట ఎక్కువా నాకు?"

ఇరవై ఏళ్లుగా చెప్పకుండా దాచుకున్నదంతా చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. "నువ్వు నా దగ్గర ఆడినవాళ్లలో మొదటివాడివి. ఆ కాగితం అబద్ధం. పోయి నీ బిడ్డకు నేనన్నానని చెప్పు" అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాయుడు గారి మాట, రెండు మ్యాచ్‌ల గడువు తలలో తిరుగుతున్నాయి. అతన్ని జట్టులో నిలబెట్టుకోవడానికి ఇదొక ఉపాయం అనుకున్నాను.

"నీ ఆటకేమీ లేదు సహాయం. కాకపోతే కాస్త కనబడేటట్టు ఆడప్పా" అన్నాను.

అతను తల ఎత్తి చూశాడు. "కనబడేటట్టంటే?"

"కొంచెం ముందుకు పో. కార్నర్ వస్తే నువ్వూ ఎగురు. అవసరం లేకున్నా ఒకటి రెండుసార్లు బంతి మీదికి పో. జనానికి తెలియాలి కదా నువ్వు ఉన్నావని."

"మీరే గదా సార్, నేలమీద పడితే తప్పు జరిగినట్టేనంటిరి."

"అది అప్పుడు. ఇది ఇప్పుడు" అన్నాను.

అతను తల ఊపాడు. నేను చెప్పింది ఎప్పుడూ కాదనలేదు ఆ మనిషి.

తొమ్మిది

తరువాతి ఆదివారం సరిహద్దు అవతలి జట్టుతో ఆట. ఆ ఏడాది అన్నిటికన్నా పెద్ద మ్యాచ్. గోడమీద కూడా చోటు లేదు. వానలు లేక నేల గట్టిపడి ఉంది.

మొదటి పది నిమిషాల్లోనే దేవసహాయం బంతి తీసుకొని సగం మైదానం దాటి పరిగెత్తాడు. జనానికి ఆశ్చర్యం. ఎవరో "సహాయం!" అని అరిచారు. ఆ మైదానంలో అతని పేరు అరవడం నేను వినడం అదే మొదటిసారి. ఇంకోసారి పరిగెత్తాడు. మళ్లీ అరిచారు. ఇరవయ్యో నిమిషంలో కార్నర్ వచ్చింది. ముందుకు పోయి, అందరికన్నా ఎత్తుకు ఎగిరి తలతో కొట్టాడు. గోల్. మైదానం ఊగిపోయింది. లోకనాథం గీత దాటి లోపలికి పరిగెత్తుకొచ్చి అతన్ని వాటేసుకున్నాడు. దేవసహాయం గోల్ వెనక కూర్చున్న కూతురి వైపు చెయ్యెత్తి చూపించాడు.

నాకూ సంతోషమే. అబద్ధం చెప్పను. నాయుడు గారు నా వైపు తిరిగి "ఇదీ ఆటంటే" అన్నాడు. నేను నవ్వాను.

కానీ ఎదుటి జట్టువాళ్లు చూసుకున్నారు. ఏళ్లుగా మూసి ఉన్న దారి తెరుచుకుంది. అతను ముందుకు పోయిన ప్రతిసారీ వాళ్లు బంతిని సరిగ్గా అతను ఉండాల్సిన చోటికి వేశారు. హాఫ్ టైం లోపల ఒక గోల్, తరువాత ఇంకొకటి. రెండు సార్లూ జనం గోలీని తిట్టారు. హాఫ్ టైంలో నేను అతన్ని పిలిచి "చాలు, ఇంక నీ చోటుకు రా" అనాల్సింది. అతని మొహం చూశాను. ఆ వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. నీళ్లు ఇచ్చి పంపించాను.

ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఎదుటివాళ్లు ఒక పొడుగు బంతి వేశారు. అది ఎట్లాగూ బయటికి పోయే బంతి. పాత దేవసహాయమైతే దాన్ని చూస్తూ నడిచేవాడు. ఆ రోజు దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు. జనం లేచి అరుస్తున్నారు. గీత దగ్గర కాలు చాచి జారాడు. బంతి బయటికి పోయింది. బూటు నేలలో ఇరుక్కుపోయింది, మనిషి మాత్రం ముందుకు పోయాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. నేను ఆ గీత దగ్గరే ఉన్నాను, నాకు వినబడింది.

జనానికి వినబడలేదు. వాళ్లు చప్పట్లు కొట్టారు. అతను అంత దూరం నుంచి వచ్చి బంతి మీద పడ్డాడని కొట్టారు. చప్పుడు విన్న నేను కూడా, చేతులు ముందే లేచాయి గాబట్టి, రెండు మూడు చప్పట్లు కొట్టాను. ఆ తరువాతే పరిగెత్తాను.

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి వ్యానులోనే తీసుకుపోయాం. ఆయన మోకాలి చుట్టూ వేళ్లతో తడిమి చేయి తీసేశాడు. "ఇది ఎముక కాదు సార్. లోపల పట్టు తెగిపోయింది. మా చేతి పని కాదు. తిరుపతికి పోండి, ఆలస్యం సేయొద్దు" అన్నాడు. తిరుపతిలో డాక్టరు కూడా అదే చెప్పాడు. ఆపరేషన్ అయింది. నడక వచ్చింది. పరుగు రాలేదు. ఎక్కువసేపు నిలబడడమూ రాలేదు.

సోమవారం పొద్దున జెరాక్స్ అంగడి అద్దం మీద పట్టిక ఉంది. దేవసహాయం, తొమ్మిది. ఆ జట్టులో ఎవరికీ అంతవరకు పూర్తిగా తొమ్మిది రాలేదు. కింద ఎవరో రాశారు, "ఇన్నాళ్లు యాడ దాసిపెట్టినావప్పా ఈ ఆట?"

నాకు ఎనిమిదిన్నర వేశారు.

ఆ తరువాత

ఫ్యాక్టరీలో నిలబడి చేసే పని అతనికి ఇక కుదరలేదు. కూర్చొని చేసే పని అక్కడ దొరకలేదు. కొన్ని నెలలు ఇంట్లోనే ఉన్నాడు. లోకనాథం, గ్రూపులో ఇంకా కొంతమంది పండ్లు తీసుకొని చూడడానికి పోయారు. నిజంగానే బాధపడ్డారు. కానీ ఆడనివాడికి పట్టికలో వరస ఉండదు. రెండు మూడు వారాలకే ఆ పేరు పోయింది.

అతని చోటులో ఒక డిగ్రీ కుర్రాణ్ని పెట్టాను. మంచివాడే, కానీ ఆటలో దేవసహాయానికున్న చూపు లేదు. మేము వరసగా ఓడిపోయాం. కుర్రాడికి మూడు, రెండున్నర. ఒక వారం ఒకటి. వాడు మానేశాడు. తరువాత గోలీ మానేశాడు. తిట్టించుకోవడానికి ఆదివారం పూట ఎవరొస్తారు? వేలు సరిహద్దు అవతలి జట్టుకు పోయాడు. ఏడాది తిరిగేసరికి పదకొండు మంది పోగవడం కష్టమైంది. జట్టు ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. ఒక ఆదివారం ఆరుగురమే వచ్చాం. కాసేపు కూర్చొని లేచిపోయాం.

గ్రూపు మాత్రం ఇంకా ఉంది. పేరు కూడా మార్చలేదు. ఇప్పుడు ఎక్కడో సముద్రాల అవతల ఆడే జట్ల ఆటలు ఫోన్లో చూసి, ఆ ఆటగాళ్లకు మార్కులు వేస్తున్నారు. వాళ్లకు మన కార్వేటినగరం నాలుగున్నర తగలదు కాబట్టి ఫరవాలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ ఏదైనా ధైర్యం చెప్పాలని నాకూ ఉంది. చెప్పలేను. జనం మార్కులు వేస్తారు, వేయనివ్వండి, వాళ్ల హక్కు అది. వాళ్లకు తెలియనిది మీకు తెలుసు కాబట్టే మిమ్మల్ని అక్కడ ఉంచారు. మీరు నోరు మూసుకుంటే ఆ తెలివి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నేను ఉన్నా, ఆ మైదానంలో శిక్షకుడు లేనట్టే లెక్క.

తడ

ఆ మ్యాచ్ అయిన రెండేళ్లకు దేవసహాయం కుటుంబంతో తడకు మారాడని తెలిసింది. హైవే పక్కన బండ్లు నిలిపే చోట టోకెన్లు ఇచ్చే పని. కూర్చొని చేయవచ్చు. ఒకరోజు పొద్దున బస్సెక్కి పోయాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ పోయాను. ఆ రోజు నువ్వు ఆడింది ఆట కాదు సహాయం, అంతకు ముందు ఏళ్లతరబడి ఆడిందే ఆట. నేను చెప్పిన మాట తప్పు. నన్ను క్షమించు. ఈ మూడు వాక్యాలే.

రేకుల గదిలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నా లేచాడు. కాలు పక్కకు పెట్టి నిలబడడం చూశాను. మనిషి కొంచెం లావయ్యాడు. స్టెల్లా కూడా అక్కడే ఉంది, నాయనకు అన్నం తెచ్చింది. పదో తరగతి అట. పొడుగైంది.

కాసేపు ఊరి సంగతులు మాట్లాడుకున్నాం. జట్టు పోయిందని చెప్పాను. "అయ్యో" అన్నాడు. లారీ ఒకటి వచ్చి ఆగితే టోకెన్ రాసిచ్చాడు. తరువాత నేను గొంతు సవరించుకున్నాను. "సహాయం, ఆ మ్యాచ్ గురించి ఒక మాట చెప్పాలని వచ్చాను."

అతని మొహం విప్పారింది. "ఏ మ్యాచ్ సార్? ఆ తొమ్మిది మార్కుల మ్యాచా?"

"అదే."

"ఈడుండే డ్రైవర్లకు కూడా చెప్పినాను సార్. నమ్మరు. ఈ కాలు సూసి నగతారు." నా వైపు వంగాడు. "ఆ పొద్దు నేను బాగా ఆడినాను గదా సార్? మీరు చెప్పండి. ఊరోళ్ల మాట కాదు, మీ నోటితో ఒక్కసారి చెప్పండి."

ఇరవై ఏళ్లలో అతను నన్ను అడిగిన రెండో ప్రశ్న అది. మొదటిదానికి నిజం చెప్పాల్సి ఉండగా తప్పించుకున్నాను. రెండోదానికి ఇప్పుడు నిజం చెబితే అతని దగ్గర మిగిలిన ఒక్కటీ లాక్కున్నట్టే.

"బాగా ఆడినావప్పా" అన్నాను. "అంత బాగా ఎప్పుడూ ఆడలేదు."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. సంతోషంతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాటతో, అంతకు ముందు అతను ఆడిన ఆరేళ్ల ఆటనూ నా చేత్తోనే చెరిపేశాను.

బస్సు ఆగే చోటు చూపించడానికి స్టెల్లా నాతోపాటు వచ్చింది. రోడ్డు దాటాక నిలబడి అడిగింది.

"సార్, ఆ పొద్దు నాయన తన చోటులో లేకుండా పోయినందుకే గదా ఆ రెండు గోల్స్ పడింది?"

"నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవురూ చెప్పలా. నేను గోల్ ఎనకాల కూసుంటా ఉంటి గదా. ఆడి నుంచి బాగా అగపడతాది. నాయన నిలబడిన పక్క వాళ్లు బంతే ఏసేవాళ్లు కాదు. సూసి ఇంగో పక్కకు తిరుక్కునేవాళ్లు. ప్రతి వారం సూస్తా ఉంటి."

మూడు నాలుగు వందల మందిలో ఒకరు చూశారు. ఎనిమిదో తరగతి బిడ్డ. బడంతా నాలుగున్నర అని పిలుస్తున్న బిడ్డ.

"మరి మీ నాయనతో ఎందుకు చెప్పలేదు తల్లీ?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"నేను చెప్తే నమ్మతాడా సార్? మీరు చెప్తారనుకుంటి."

సత్యవేడు బస్సు వచ్చి ఆగింది. ఎక్కాను.